గడపగడపకీ ఆగే గుర్రం

కూతురు పడిపోతుందేమోనన్నదే ఆ తల్లికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం. మంచం మీంచి, మెట్ల మీంచి, కుర్చీలోంచి, చివరికి నిద్రలోంచి కూడా. అందుకే గువ్వ అని పిలుచుకునే ఆ పిల్ల ఎక్కడికి వెళ్ళినా, చెయ్యి మాత్రం అమ్మ చేతిలోనే ఉండేది.

"అమ్మా, ఒక్కసారి నువ్వు పట్టుకోకుండా ఏదైనా ఎక్కుతానే" అని గువ్వ అడిగి అడిగి అలిసిపోయింది. అడగడం మానేసిన రోజున తల్లికి గుండెలో కలుక్కుమంది. ఆలోచించి ఆలోచించి, పరుగన్నదే ఎరగని వాహనం ఒకటి వెతికింది. లాండ్రీ మూసేసి ఇంట్లో కూర్చున్న వీధి చివరి పెద్దాయన పొట్టి గుర్రం అది.

ఆ ఉదయం పల్చటి మంచులో వీధి ఇంకా కళ్ళు తెరవలేదు. గుర్రమూ తెరవలేదు. పెద్దాయన తాడు తండ్రి చేతిలో పెట్టి, "మహా బుద్ధిమంతురాలు బాబూ. మా ఇంటి దాకా దారి దానికే తెలుసు" అని చెప్పి నిద్రకళ్ళతోనే వెళ్ళిపోయాడు.

తల్లి గువ్వకి ముందొక దిండు, వెనకొక దిండు కట్టి, పైన శాలువా చుట్టింది.

"పిల్లని ఎక్కిస్తున్నావా, పరుపుని ఎక్కిస్తున్నావా?" అన్నాడు తండ్రి.

"మీరు తాడు చూసుకోండి చాలు. దాని చెయ్యి నేను పట్టుకుంటా."

గుర్రం కలలో నడిచినట్టు నడిచి, పక్కింటి గేటు ముందు ఆగింది. ఆగిందంటే ఆగింది. తండ్రి లాగాడు, బతిమాలాడు, క్యారెట్ పెట్టాడు. అది నింపాదిగా నమిలి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"దాని చెవిలో ఏదైనా చెప్పి చూడండి."

"నా మాట మనింట్లోనే ఎవరూ వినరు. ఇది వింటుందా?"

అంతలో గేటు తెరుచుకుని టీచరమ్మ దుప్పట్ల మూటతో బయటికొచ్చింది. "హమ్మయ్య, లాండ్రీ మళ్ళీ మొదలైందన్నమాట" అంటూ మూట గుర్రం వీపు మీద పడేసి లోపలికి వెళ్ళిపోయింది. గుర్రం కళ్ళు తెరిచి, ఏమీ జరగనట్టు కదిలింది. తర్వాతి గేటు దగ్గర మళ్ళీ ఆగింది.

"అదన్నమాట సంగతి" అన్నాడు తండ్రి. "ఇన్నాళ్ళూ గేటు గేటుకీ బట్టలు పోగుచేసిన ప్రాణం కదా. మూట పడితేనే అడుగు పడుతుంది."

"అయితే వెళ్ళి అడగండి."

"ఏమని? పొద్దున్నే మీ మాసిన బట్టలు ఇప్పించండనా?"

తల్లి పైకి చూసింది. ఎక్కడ దించేస్తారోనని గువ్వ శాలువాలో ఊపిరి బిగబట్టుకుని ఉంది. తల్లే వెళ్ళి గేటు తట్టింది.

దర్జీ బయటికొచ్చాడు. ఆమె చెప్పింది సగం విని, మిగతా సగం తనే కుట్టుకున్నాడు. "ఉద్యోగం పోయిందా బాబూ? దిగులు పడకండి" అంటూ ఇంట్లో కర్టెన్లన్నీ ఊడదీసి తెచ్చాడు.

"పోలేదండీ. మా పాప గుర్రం..."

"ఇంకేం చెప్పకండి. నాకర్థమైంది."

ఆ కబురు గుర్రం కన్నా వేగంగా నడిచింది. అక్కణ్ణుంచి ఏ గేటు చూసినా జనం మూటలతో, జాలి ముఖాలతో నిలబడి ఉన్నారు. తన ఉద్యోగం నిక్షేపంగా ఉందని తండ్రి చెప్పినకొద్దీ ఇంకో తువ్వాలు వచ్చి పడేది. ఒక ముసలమ్మయితే, "మాసినవి లేవు నాయనా. ఉతికినవే ఇస్తున్నా, మళ్ళీ ఉతకండి" అంది.

గుర్రం వీపు నిండిపోయాక, ప్రతి మూటనీ ఒకసారి దాని వీపుకి తాకించి, భార్యాభర్తలే మోయసాగారు. తాకితే చాలు, అది నడిచేది. తెల్లటి దుప్పట్ల మధ్య గువ్వ, చుట్టూ మంచు. దూరం నుంచి చూసేవాళ్ళకి మబ్బు ఒకటి వీధిలోకి దిగి, ఎవరినీ లేపకుండా నడిచిపోతున్నట్టుంది.

పెద్దాయన ఇంటి ముందు గుర్రం తనంతట తనే ఆగింది. కూతుర్ని దించబోయిన తల్లికి చేతులు రాలేదు. ఈ చంకలో కర్టెన్లు, ఆ చంకలో పరుపు గలీబులు. గువ్వ చెయ్యి ఎప్పుడు వదిలేసిందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

గువ్వ రెండు అరచేతులూ గుర్రం జూలు మీద ఆనించి కూర్చుని ఉంది. "అమ్మా, నువ్వు పట్టుకోలేదు" అంది మెల్లగా, గట్టిగా అంటే ఆ మాట చెదిరిపోతుందేమోనన్నట్టు.

"ఊఁ. నా చేతులు ఖాళీ లేవు" అంది తల్లి. "దిగుతావా?"

"ఇంటికి కూడా ఇలాగే వస్తా."

వాకిట్లోకి వచ్చిన పెద్దాయన నవ్వాడు. "ఉతికిన బట్టలు వేస్తే గానీ అది వెనక్కి తిరగదు తల్లీ."

తండ్రి ఆ బట్టల కొండని కిందినుంచి పైదాకా చూశాడు. "మరి మీరు..."

"నేను మానేశాను కదా బాబూ" అని పెద్దాయన సబ్బు అందించి, కుర్చీలో చేరబడ్డాడు.

గువ్వ ఇంకా గుర్రం మీదే ఉంది. తల్లి చేతులు కట్టుకుని కాస్త దూరంగానే నిలబడి చూస్తోంది. వాళ్ళిద్దరి గురించీ బెంగ లేదు. మీలో ఎవరైనా అటువైపు వెళితే, తొట్టి దగ్గర కర్టెన్లు పిండుతున్న ఆయన్ని మాత్రం ఒకసారి పలకరించి, నడుము నిటారుగా లేస్తోందో లేదో చూసి రండి.