స్వదేశీ తొట్టికి మరో ప్రారంభోత్సవం

స్వదేశీ ఇంజెక్షన్ల కర్మాగారాన్ని మంత్రిగారు మళ్లీ ప్రారంభించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇది ఎన్నోసారని అడిగేవాళ్లు దేశాభివృద్ధిని చూసి ఓర్వలేనివాళ్లు.

కర్మాగారానికి ఏ లోటూ లేదు. అద్దాల గది మధ్యలో నిలువెత్తు స్టీలు తొట్టి ఉంది. అందులో ప్రాణమున్న కణాలు పెరుగుతాయి. అవి చేసే రసమే మందు. వాటికి గిట్టనిదల్లా బయటి గాలి. మూత తీస్తే చస్తాయి, రసమూ పాడవుతుంది. తీయకపోతే మంత్రిగారు దేన్ని ప్రారంభించినట్టు?

అందుకని కణాలు ఏపుగా ఎదగగానే మంత్రిగారు అనుచరులతో, కెమెరాలతో వచ్చి, మూతకు కట్టిన రిబ్బను కత్తిరించి, తొట్టిలోకి తొంగిచూస్తారు. మర్నాటికి కణాలు విధి నిర్వహణలో అమరులవుతాయి. కొత్త కణాలు వేస్తారు. కొత్త రిబ్బను కొంటారు.

మూత తీసే బాధ్యత ఆపరేటర్‌ది. అతని అక్కకు కావలసింది ఆ మందే. విదేశీ సరుకు ఏ రేవులోనో ఆగిపోయింది. కీళ్లు బిగుసుకుపోయి ఆమె గ్లాసైనా పట్టుకోలేకపోతోంది.

"ఏరా, మీ తొట్టి ఇంకా ఈనలేదా?"

"ఈసారి ఖాయమక్కా. మంత్రిగారి వేళ్లు బిగుసుకుపోయాయట. కత్తెర పట్టలేరు, రారు."

"అయ్యో, నా జబ్బే! చల్లగా ఉండాలి మహానుభావుడు. రాకుండా ఉండాలి."

ఆయన రాలేదు. మందు నిక్షేపంగా తయారైంది. సీసాల్లో నింపడమే తరువాయి. అయితే ప్రారంభోత్సవం కాని తొట్టిలోది మందుగా లెక్కకు రాదని పై అధికారి తేల్చాడు. ఈలోగా మంత్రిగారు విదేశం వెళ్లి, విదేశీ ఇంజెక్షన్లు పొడిపించుకుని, వేళ్లు ఆడించుకుంటూ తిరిగొచ్చారు.

"మన మందు మనమే చేసుకోవాలి! మనకు చేతుల్లేవా?" అని అద్దాల గదిలో గర్జించారు. చేతులున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఆపరేటర్ ఒక అడుగు ముందుకేశాడు. "అయ్యా, మూత తీస్తే..."

"ఫొటోలో నువ్వూ పడతావోయ్!"

ఆపరేటర్ ఒక్క క్షణం ఆలోచించాడు. మాస్కుంటే ముఖం కనబడదని దాన్ని తీసేశాడు. టోపీ తీసి జుట్టు సర్దుకున్నాడు. తర్వాత మూత తీశాడు.

సాయంత్రం టీవీ ముందు అక్క మురిసిపోయింది. "ఎంత బాగా పడ్డావురా! నా వేళ్లు వంగవు గానీ, నా తరఫున కూడా నువ్వే కొట్టు చప్పట్లు."

తమ్ముడు కొట్టాడు. ఇరుగుపొరుగు వాళ్లూ అందుకున్నారు. ఇక మీరే మిగిలారు. వేళ్లు బాగానే ఉన్నట్టున్నాయి, కానివ్వండి.