మేడమీద గుంట మగ్గం

రెండో పంచవర్ష ప్రణాళిక ఇంకొన్నాళ్లలో అయిపోతుందనగా, అది మా మగ్గాలవాడ దాకా వచ్చేసిందని మా మునిసిపల్ చైర్మన్ ఐలేశంగారు ప్రకటించారు. వాడ మొదట్లో ఉన్న రాతి కమాను నీడలో కుర్చీ వేయించుకుని, ఆ కుర్చీ మీద నిలబడి, ఆ కమానునే చూపిస్తూ ఇది రేపట్నుంచి ఉండదన్నారు. మునిసిపాలిటీ సిబ్బంది వెంటనే చప్పట్లు కొట్టారు. ఎక్కడెక్కడ కొట్టాలో వాళ్లకు ముందే చెప్పి ఉంచారు.

“ఇన్నేండ్లు నేతన్న నేల మీద కూసున్నడు,” అన్నారు చైర్మన్‌గారు. “ఇగ మేడ మీద కూసుంటడు.”

నేనొక హైదరాబాదు పత్రికకు నల్లగొండ జిల్లా విలేకరిని. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లు జలదరించిందని ఇక్కడ నిజాయితీగా మనవి చేస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయడం లేదు. చైర్మన్‌గారు బహు సిగ్గరి. ఊరి పేరు రాస్తే ఆయన ఫొటో కూడా వేయవలసి వస్తుంది, ఫొటో ఆయన ఇంకా పంపలేదు.

వాడ సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. తాతల నాటి పెంకుటిళ్లు, చెక్క స్తంభాలు, ఇంటింటికీ ఎత్తరుగులు. వీధి మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వంకర లేకుండా సూటిగా ఉంటుంది. ఎందుకంటే పొద్దున్నే ఆ వీధి పొడవునా నిలువుపోగుల పడుగు చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. అట్లా సిద్ధమైన పడుగే మగ్గమెక్కుతుంది. అది ఆరేదాకా ఎవరూ దాన్ని దాటకూడదు. పెళ్లి ఊరేగింపైనా సరే, కమాను దగ్గర ఆగి, బ్యాండువాళ్లు ఇంకో పాట వాయించి, పోగులు చుట్టేసిన తరవాతే లోపలికి వచ్చేది. ఇంత వెనకబాటుతనం మన మధ్యనే ఉన్నదని తలుచుకుని చైర్మన్‌గారు ఎన్నో రోజులు అన్నం సరిగ్గా తినలేదని ఆయనే నాతో చెప్పారు.

కమాను కూల్చడానికి కారణం, మంత్రిగారి కారు అందులో పట్టదని ఇంజనీరుగారు తేల్చడం. పూర్వం అందులోనుంచి ఏనుగు అంబారీతో సహా పోయేదని పెద్దవాళ్లు గుర్తు చేశారు. ఏనుగుకు స్టాండర్డు వెడల్పు లేదని ఇంజనీరుగారు శాంతంగా సమాధానమిచ్చారు. కమాను పోయింది. దాని వెంట రోడ్డు వెడల్పు కోసం అరుగులు పోయాయి. అరుగుల వెంట వాటిని నమ్ముకున్న గోడలు పోయాయి. వాడలో అందరికన్నా పెద్దవాడైన లక్ష్మీనర్సయ్య ఇల్లు మొత్తంగా పోయింది. కొత్త మేడలో మొదటి వాటా ఆయనకే ఇవ్వాలని చైర్మన్‌గారు పట్టుపట్టడమే దానికి కారణం.

మేడ లేచింది. అంతా సిమెంటు, కాంక్రీటు. దానికి కట్టెగాని పెంకుగాని ఎక్కడా తగలకుండా ఇంజనీరుగారు జాగ్రత్తపడ్డారు. కింద నేత అభివృద్ధి కార్యాలయం, పైన నేతగాడు. అభివృద్ధి అధికారికి మోకాళ్ల నొప్పులుండడం వల్ల ఆ ఏర్పాటు చేశారు.

లక్ష్మీనర్సయ్య భార్య ఆండాళుతో మేడ ఎక్కి, గదంతా చూసి, గచ్చును బొటనవేలితో గీకి చూశాడు. తరవాత కిందికి దిగివచ్చి చైర్మన్‌గారిని ఒకే ఒక్క మాట అడిగాడు.

“అయ్యా, గుంట యాడ తవ్వాలె?”

చైర్మన్‌గారు ఇంజనీరుగారి వైపు చూశారు. ఇంజనీరుగారు ప్లాను వైపు చూశారు. ప్లానులో గాలి వచ్చే దారి, వెలుతురు వచ్చే దారి, నీళ్లు పోయే దారి, అన్నీ ఉన్నాయి. మగ్గం నేసేవాడు గుంటలో కాళ్లు పెట్టుకుని కూచుంటాడనీ, గుంటలో ఉన్న పలకలు తొక్కితేనే మగ్గం నడుస్తుందనీ ఆ ప్లానుకు ఎవరూ చెప్పలేదు.

“గుంట లేకుంటే నేనెట్ల నెయ్యాలె? నాకు వేరే పని రాదు. మా నాయిన కూడ ఇదే నేర్పిండు,” అన్నాడు లక్ష్మీనర్సయ్య. ఆయన గొంతులో కోపం లేదు. భయం మాత్రం ఉంది. మగ్గం కర్రలన్నీ అప్పటికే వీధిలో పడి ఉన్నాయి.

ఇట్లాంటి సమయంలోనే నాయకుడెవరో తెలుస్తుంది. చైర్మన్‌గారు అరనిమిషం కళ్లు మూసుకుని, తెరిచి, శ్లాబుకు కంత పెట్టండన్నారు. ఇంజనీరుగారు కోస్తా మనిషి, మర్యాదస్థుడు. “కంత పెడితే కాళ్లు కింది గదిలోకి వేలాడతాయండీ,” అన్నారు. “ఏలాడనియ్యి. ఆయన కాళ్లు ఆయన ఇష్టం,” అన్నారు చైర్మన్‌గారు.

మర్నాడు శ్లాబుకు కంత పడింది. పలకలను ఇనుప కొక్కేలతో కింది గది కప్పుకు వేలాడదీశారు. లక్ష్మీనర్సయ్య మగ్గం ముందు కూచుని కాళ్లు దించాడు. కింద అభివృద్ధి అధికారిగారి బల్లకు సరిగ్గా పైన, ఫ్యాను ఉండవలసిన చోట, రెండు కాళ్లు మోకాళ్ల దాకా ప్రత్యక్షమయ్యాయి. అధికారిగారు మొదట కొంచెం కంగారు పడ్డారు. బల్లను ఈ మూలకు, ఆ మూలకు జరిపించి చూశారు. చివరికి, మగ్గం నడుస్తున్నదీ లేనిదీ కుర్చీలోంచి లేవకుండా తెలుసుకునే సదుపాయం రాష్ట్రంలో తనకొక్కడికే ఉందని గ్రహించి స్థిమితపడ్డారు. కాళ్లు ఆడితే “పని జరుగుచున్నది” అని రాసుకునేవారు. ఆడకపోతే గంట కొట్టేవారు.

మగ్గం మీదున్న పాత పడుగు అయిపోయేదాకా ఏ ఇబ్బందీ రాలేదు. కొత్త పడుగుకు గంజి పెట్టడానికి లక్ష్మీనర్సయ్య అలవాటు చొప్పున తెల్లవారుజామునే వీధిలోకి వచ్చాడు. వీధి ఇప్పుడు రోడ్డు. బస్టాండుకు పోయే అడ్డదారి కూడా అదే. ఆండాళు ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకుని పడుగు చాచారో లేదో, అభివృద్ధి పనుల తనిఖీకి చైర్మన్‌గారి జీపు వచ్చింది. ఊరేగింపులు ఆగినచోట జీపు ఆగలేదు. ఆగి ఉంటే వెనకబాటుతనం తిరిగి వచ్చేది. పోగులన్నీ చక్రాలకు చుట్టుకున్నాయి. వాటిని కోసి జీపును విడిపించేసరికి మధ్యాహ్నమైంది.

“పెద్దదానికోసం చిన్నది పోవాలె, లక్ష్మీనర్సన్నా,” అని చైర్మన్‌గారు ఆయన భుజం మీద చెయ్యేశారు. పడుగు చాచే జాగా సంగతి మూడో ప్రణాళికలో తప్పకుండా చూస్తామన్నారు. లక్ష్మీనర్సయ్య తెగిన పోగులు ఒళ్లో వేసుకుని రోడ్డు పక్కన చాలాసేపు కూచున్నాడు. ఆ దృశ్యం నాకు కూడా కొంచెం కష్టంగానే ఉండింది. కాని అదే రోజు మంత్రిగారి పర్యటన ఖాయమైన వార్త రావడంతో తేరుకున్నాను.

మంత్రిగారి స్వాగతం కోసం వాడ మొదట్లో వెదురుబొంగులతో కమాను కట్టించారు. సరిగ్గా పాత కమాను ఉన్నచోటే, పాత కమాను కొలతలతోనే కట్టి, గుడ్డమీద రాళ్ల బొమ్మలు వేయించారు. కారు అందులోంచి హాయిగా వచ్చింది.

మంత్రిగారిది భారీ శరీరం. మెట్లవైపు ఒకసారి చూసి, ప్రజల మధ్య నేలమీదే ఉండడం తనకిష్టమన్నారు. కింద గదిలో కుర్చీ వేశారు. తలెత్తి చూస్తే కాళ్లు. ఎడమది, కుడిది, ఎడమది, కుడిది. ఎంత చక్కగా ఆడుతున్నాయో చెప్పలేను. మంత్రిగారు చాలాసేపు కన్నార్పకుండా చూశారు. “ఇన్ని జిల్లాలు తిరిగాను. శ్రమను ఇంత దగ్గరగా ఎక్కడా చూడలేదు,” అన్నారు. చైర్మన్‌గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. దండ పైకి ఎట్లా అందించాలో తోచక, దాన్ని కుడికాలికే వేశారు. ఆ తరవాత మంత్రిగారికి పట్టుకండువా కప్పి, ఇది పైనే నేసిందన్నారు. అది గడియారం సెంటరు దుకాణంలో కొన్నప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. పైన నేసింది నలిగి ఉంటుందని ఇది కొన్నారనుకున్నాను.

అప్పటినుంచి మా వాడకు పేరొచ్చింది. పక్క జిల్లాలవారు, పక్క రాష్ట్రాలవారు బస్సుల్లో వచ్చి, కింద గదిలో నిలబడి, తలెత్తి చూసి, రిజిస్టరులో రెండు మంచి ముక్కలు రాసి వెళ్లారు. నేనే నాలుగైదు వ్యాసాలు రాశాను. మిగతా ఇళ్లను కూడా ఇట్లాగే కూలగొట్టాలని కౌన్సిలు తీర్మానించింది.

శ్రావణంలో మా చెల్లెలికి చీర పెట్టవలసి వచ్చింది. ఇంత ప్రసిద్ధమైన మగ్గం మన ఊళ్లోనే ఉండగా వేరేచోట కొనడమేమిటని మెట్లెక్కాను. ఆ మెట్లెక్కడం నాకదే మొదటిసారి. మెట్ల మీద దుమ్ము చూస్తే, ఆండాళు తప్ప ఇంకెవరూ ఎక్కినట్టు లేదు.

లక్ష్మీనర్సయ్య మగ్గం ముందు కూచుని ఉన్నాడు. మగ్గం మీద ఒక్క పోగు లేదు. అడ్డపోగు నడిపే నాడె మగ్గం పైకర్రకు కట్టి ఉంది. బట్ట చుట్టే కర్ర మీద ఆండాళు చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది. నన్ను చూసి ఇద్దరూ ఎంతో సంతోషించి, కూచోవడానికి చాప వేశారు. చీర సంగతి ఎట్లా అడగాలో తెలియక, బాగున్నారా అన్నాను.

“మంచిగనే ఉన్న సారూ. మునిసిపాలిటోళ్లు నౌకరి ఇచ్చిన్రు. ఇంకో ఏడాదికి పర్మినెంటు చేస్తమన్నరు. కాళ్లకైతే పని దొరికింది,” అని ఆయన రెండు అరచేతులూ ఒళ్లో తిప్పి చూసుకున్నాడు. “చేతులకే ఏం తోస్తలేదు.”

కింద గంట మోగింది. బస్సు ఆగిన చప్పుడు, చైర్మన్‌గారి గొంతు, మెల్లగా మెల్లగా చాలామంది చెప్పుల చప్పుడు. ఆండాళు చిక్కుడుకాయలు పక్కన పెట్టి చెంబుతో నీళ్లు తెచ్చింది.

“కాళ్లు కడుక్కో జల్ది,” అంది మొగుడితో. “ఢిల్లీ నుంచి వచ్చిన్రంట.”