భాస్కరమూర్తి చూడని ఈటె

ఆ శనివారం భాస్కరమూర్తి పెట్టుకున్న పని చాలా చిన్నది. మధ్యాహ్నం ఒంటి గంటకు టోక్యో ఒలింపిక్స్‌లో జావెలిన్ ఫైనల్. మన కుర్రాడు ఈటె విసురుతాడు. దాన్ని తను చూడకూడదు. అంతే.

చూడాలని లేక కాదు. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీ ఇంజినీరుగా ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన ఈ మనిషి ప్రతి ఒలింపిక్స్‌కీ టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాడే. అథ్లెటిక్స్‌లో మన జెండా అన్నిటికంటే పైకి వెళ్తుంటే చూడాలని చిన్నప్పటి నుంచీ కోరిక. కానీ ఈ వారం వరస వేరేగా ఉంది. హాకీ సెమీఫైనల్ అలారం పెట్టుకుని లేచి చూశాడు, ఓడిపోయాం. కాంస్యం మ్యాచ్‌కి గుర్రుపెట్టి నిద్రపోయాడు, గెలిచాం. అదీ జర్మనీ మీద. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ, తమ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఎమ్మెస్ చదువుతున్న భావన లాప్‌టాప్‌లో గోల్ఫ్ పది నిమిషాలు చూశాడో లేదో, పతకం చేజారి నాలుగో స్థానం మిగిలింది.

"అంకుల్, ఏమనుకోకుండ్రి," అంది ఆ కరీంనగర్ పిల్ల. "మీరు చూస్తే మనోళ్లు ఓడుతున్నరు."

"దానికీ దీనికీ సంబంధం ఏంటమ్మా? నేను ఇంజినీర్ని."

"మూడుసార్లూ ఏం జరిగిందో చూశారుగా ఇంజినీర్ గారూ," అంది వంటింట్లోంచి భార్య అలివేలుమంగ.

భాస్కరమూర్తి కప్పు కింద పెట్టాడు. దేశం కోసం ఆ మాత్రం చేయలేడా? "సరే. ఒంటిగంట నుంచి కింద కెల్లర్‌లో కూర్చుంటా. ఫోన్ కూడా వద్దు. అయిపోయాక మీరే వచ్చి చెప్పండి."

పావు తక్కువ ఒంటిగంటకు మడతకుర్చీ, దుప్పటి, ఫ్లాస్కు పట్టుకుని, మూతికి మాస్కు కట్టుకుని మెట్లు దిగాడు. కెల్లర్ అంటే నేలమాళిగలో వాళ్లు పాత సామాన్లు పెట్టుకునే గది. గ్రౌండ్ ఫ్లోర్‌లో తలుపు తీసుకుని నిలబడ్డ ఎనభై ఏళ్ల ఫ్రావ్ లేమన్, ఎక్కడికని అడిగింది. తన చూపు తగిలితే ఈటె దగ్గరే పడిపోతుందని ఒక ఇంజినీరు జర్మన్ ముసలావిడకు ఎలా చెబుతాడు?

"కాసేపు ఒంటరిగా ఉండాలండీ," అన్నాడు జర్మన్‌లో. "నా వల్ల మిగతావాళ్లకు ప్రమాదం. దూరంగా ఉంటే మంచిదని ఇంట్లో అనుకున్నాం."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. కాకపోతే 2021లో మాస్కుతో, దుప్పటితో ఆ మాట అన్నవాడికి ఏమైందో ఎవరైనా ఒకటే అనుకుంటారు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి తలుపు మూసుకుంది. పావుగంటలో కెల్లర్ తలుపు దగ్గర వేడి సూప్ గిన్నె వెలిసింది. ఆవిడ కబురు అందుకుని దాని వెనకే ఎదురు ఫ్లాట్ క్రౌజె దిగాడు. ఆయనా అదే ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు బిల్డింగ్ నోటీసు బోర్డును తనిఖీ చేస్తుంటాడు. చేతికి గ్లవ్స్, గ్లవ్స్‌లో కరోనా టెస్టు డబ్బా.

"జబ్బు మనిషిని గాలి ఆడని గదిలో పెడతారా? బయటికి రండి."

"నాకు జబ్బు లేదు క్రౌజె."

"అందరూ అలాగే అంటారు."

నిజం చెబితే ముప్ఫై ఏళ్ల పరువు గంగలో కలుస్తుంది. భాస్కరమూర్తి నోరు మూసుకుని ముక్కు అప్పగించాడు. క్రౌజె టెస్టు చేసి, ఆయన్ను తన బాల్కనీలో కూర్చోబెట్టి, ఫలితం వచ్చేదాకా కదలొద్దని చెప్పి లోపలి నుంచి గాజు తలుపు వేశాడు. ఆ గాజు తలుపుకు ఎదురుగా పెద్ద టీవీ. టీవీలో జావెలిన్ ఫైనల్.

భాస్కరమూర్తి టక్కున కళ్లు మూసుకున్నాడు. క్రౌజె దడదడా గాజు మీద కొట్టాడు. "కళ్లు తెరవండి. స్పృహ తప్పొద్దు."

తెరిస్తే దేశానికి ముప్పు, మూస్తే అంబులెన్స్ వచ్చేలా ఉంది. మధ్యేమార్గం దొరికింది. మనవాడు వచ్చినప్పుడు తుమ్మినట్టు దుప్పట్లో మొహం దాచుకోవడం, జర్మన్లు వచ్చినప్పుడు కళ్లు బార్లా తెరవడం. అలా జర్మనీ పెద్ద ఆశ పెట్టుకున్న ఆటగాడి విసుర్లను కన్నార్పకుండా చూశాడు. ఆ మహానుభావుడు జారాడు, తడబడ్డాడు, మూడు విసుర్ల తర్వాత పోటీలోనే లేడు. క్రౌజె తల పట్టుకున్నాడు. టెస్టు నెగెటివ్ అని చూసి తలుపు తీయగానే భాస్కరమూర్తి చెప్పుల్లేకుండా కెల్లర్‌కు పరుగెత్తి లోపల గడియ పెట్టుకున్నాడు.

రెండు దాటాక అలివేలుమంగ తలుపు బాదింది. "ఏవండీ, బంగారం. మనవాడికి బంగారమండీ." ఆవిడ ఏడుస్తోంది. ఆయనా ఏడ్చాడు. చూడలేదన్న బాధో, చూడనందుకు గెలిచామన్న గర్వమో ఆయనకే తెలియలేదు.

వెనకే వచ్చిన భావన, ఆయన వదిలేసిన చెప్పులు పట్టుకొచ్చిన క్రౌజెకు అంకుల్ త్యాగం గురించి జర్మన్‌లో పూసగుచ్చినట్టు చెప్పేసింది. క్రౌజె నవ్వలేదు. చెప్పులు కింద పెట్టాడు.

"మావాడు విసిరినప్పుడు మీ కళ్లు తెరిచే ఉన్నాయి కదూ?"

భాస్కరమూర్తి అబద్ధం చెప్పే మనిషి కాదు. "మూడుసార్లూ," అన్నాడు.

సోమవారం నోటీసు బోర్డులో, మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా శబ్దం చేయరాదన్న నిబంధన కింద కొత్తది చేరింది: జర్మనీ ఆడే రోజుల్లో హెర్ మూర్తి కోసం కెల్లర్‌లో కుర్చీ సిద్ధంగా ఉంచవలెను.