పెట్టెలతో ప్రాక్టీసు

గడియారాలు బాగుచేసే ఆయనకు ఆ శనివారం పొద్దున్నే కాఫీతో పాటు ఒక పెద్ద దేశం ఎదురైంది. భోజనాల బల్ల నిండా మ్యాపు పరిచి, మూలలు లేవకుండా గ్లాసులు బరువు పెట్టి, భార్య దాని మీద పెన్సిలుతో గీతలు గీస్తోంది. ఆవిడ బడిలో డ్రాయింగు టీచరు. వేల ఏళ్ల చరిత్ర ఉన్న ఆ దేశపు కోటలనూ, గుహల గోడల మీది బొమ్మలనూ ఏటా పిల్లల చేత గీయిస్తోందే తప్ప ఒక్కటీ కళ్లారా చూడలేదు. ఇంతకుముందు రెండుసార్లు ఊరంతా చాటి, తీరా వెళ్లలేక ఆగిపోయారు. "ఎలా ఉందండీ అక్కడ?" అని అడిగిన ప్రతివాళ్ల ముందూ ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

"ఈసారి విమానం ఎక్కేదాకా ఎవరికీ చెప్పొద్దు" అంది.

"చెప్పనులే. ఈ కోట నుంచి ఈ గుహలకి ఎంత, జానెడేగా?"

"ఆ జానెడుకి రైల్లో రెండు రాత్రులు. దిగాక కొండెక్కాలి. మీరేమో షాపులో కుర్చీకి అతుక్కుపోయారు. వీధి చివరికెళితేనే ఆయాసం. అందుకే రేపట్నుంచి ప్రాక్టీసు."

ప్రాక్టీసంటే తెల్లవారగానే పెట్టెలు మోసుకుంటూ వీధి చుట్టూ నడవడం. ఆవిడ తన పెట్టెలో పాత డ్రాయింగు కాగితాలు కూరింది. బరువుకు ఇంకేమీ తోచక ఆయన, బాగుచేసినా ఎవరూ పట్టుకెళ్లని గోడ గడియారాలు తెచ్చి తన పెట్టెలో సర్దాడు.

మర్నాడు రెండో చుట్టులో ఉండగా ఆరైంది. పెట్టెలో గడియారాలన్నీ ఒకదానితో ఒకటి పోటీపడి గంటలు కొట్టాయి. కింది వాటాలో ఉండే రిటైర్డు స్టేషను మాస్టారు ఉలిక్కిపడి లేచి కిటికీ తెరిచాడు.

"ఏమయ్యా, పెట్టె పట్టుకుని ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదండీ, ఊరికే."

వెనక నుంచి భార్య గొంతు ఖంగుమంది. "కబుర్లు చాలు, నడవండి! మళ్లీ ఇంటివైపు చూశారో, ఊరుకోను!"

మాస్టారు కిటికీ మెల్లగా మూసేశాడు. ఉద్యోగమంతా బయలుదేరేవాళ్ల మొహాలు చూసిన మనిషి. ఇది ఇష్టపడి బయలుదేరిన మొహం కాదని ఇట్టే తేల్చేసి, వెంటనే రెండు ఫోన్లు చేశాడు. "మీ అక్క మీ బావని గెంటేసింది" అని టీచరు తమ్ముడికి ఒకటి. "పై వాటా ఖాళీ అయ్యేలా ఉంది" అని వేరే పేటలో ఉండే ఇంటి ఓనరుకి ఇంకొకటి.

మధ్యాహ్నానికల్లా తమ్ముడు దిగాడు. బావను బాల్కనీలోకి లాక్కెళ్లి తలుపేశాడు.

"నిజం చెప్పు బావా. పెట్టె చేతికిచ్చి పొమ్మన్నది అక్కేనా?"

"అక్కే."

"మరి మళ్లీ ఎందుకొచ్చావు?"

"టిఫిన్‌కి."

"రేపో?"

"రేపూ పొమ్మంది. వాన పడితే మాత్రం వద్దంది."

నవ్వు ఆపుకోవడానికి ఆయన పెదాలు బిగబట్టాడు. తమ్ముడికి అది ఏడుపులా కనిపించి కళ్లు చెమర్చాయి. విసవిసా లోపలికెళ్లాడు. "అక్కా, బావ చేసిన తప్పేంటి?"

"తప్పు కాదురా, బద్ధకం. ఇలా తరిమితే తప్ప కదలరు."

తమ్ముడు నోరు తెరిచేలోగా కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో టేపు పట్టుకుని కొత్తగా పెళ్లయిన జంట. "ఓనరుగారు పంపారండీ. ఖాళీ చేస్తున్నారటగా?" అంటూనే అమ్మాయి గోడలు కొలవసాగింది. "మంచం ఇక్కడ పడుతుంది. ఈ బల్ల మీరు పట్టుకెళతారా, వదిలేస్తారా?"

టీచరు మొగుడివైపు తిరిగింది. "ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పారా?"

"నేనెవరికీ ఏమీ చెప్పలేదు మొర్రో! చెప్పనందుకే ఇదంతా!"

ఫలితం ఎలా ఉందో చూద్దామని మాస్టారు కూడా మెట్లెక్కి వచ్చాడు. టీచరుకు ఒళ్లు మండిపోయింది. "మేం ఇల్లూ వదలం, ఒకళ్లనొకళ్లం వదలం! వెళ్లేది ఇదిగో, ఈ దేశానికి! చూసి రావడానికి!" అని మ్యాపు మీద అరచేత్తో చరిచింది.

అన్నాక గానీ తను అన్నదేమిటో తెలియలేదు. ఆవిడ మొహం చిన్నబోయింది. "అయిపోయింది. అందరికీ చెప్పేశాను. ఇక ఈసారీ వెళ్లినట్టే."

గడియారాలాయన లేచి పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. "ఈసారి ఆగదు. కావాలంటే ఇంకో చుట్టు తిరిగొస్తాను, చూడు" అన్నాడు. ఎండ మండిపోతోంది. అయినా చెప్పులేసుకున్నాడు. ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆలోగా మిగతావాళ్లంతా మ్యాపు మీదికి వంగిపోయారు.

"రెండు రాత్రుల రైలా? కిటికీ పక్క సీటు దొరుకుతుందంటావా అమ్మా?" అన్నాడు మాస్టారు.

"నాతో కూడా చెప్పకుండానా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఇల్లు పోతే పోయింది, ఈ గుహలకి మేమూ రావచ్చాండీ?" అంది కొత్త పెళ్లికూతురు.

తర్వాతి ఆదివారం, వాటా ఎప్పుడు ఖాళీ అవుతుందో కనుక్కుందామని ఓనరు పొద్దున్నే వచ్చాడు. ప్రయాణం కబురు మేడంతా పాకి, మూడంతస్తుల వాళ్లూ పెట్టెలతో బారులు తీరి వీధిలోకి నడుస్తున్నారు. ముందు మాస్టారు పచ్చజెండా ఊపుతున్నాడు. ఓనరు పరుగున వెళ్లి అడ్డం నిలబడ్డాడు.

"అందరూ ఒక్కసారేనా! నేనేం అన్యాయం చేశాను బాబూ? గోడలకి రంగులు వేయిస్తాను. మెట్లకి లైట్లు పెట్టిస్తాను. ఆగండి!"

అందరూ టీచరు వైపు చూశారు. "ముందు రంగులు కానివ్వండి, ఆలోచిస్తాం" అంది ఆవిడ గంభీరంగా.

ప్రయాణం నాటికి మేడ కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోయింది. అసలు సంగతి మాత్రం ఓనరుకి ఎవరూ చెప్పలేదు, చెబితే ఆయనా వస్తానంటాడు.