తువ్వాలు కింద సున్నా

గుంటూరు కొరిటెపాడులో యలమందయ్య మిరప దలాలీ అని తెలిసినవాళ్ళకన్నా, కుదురులేని మనిషని తెలిసినవాళ్ళే ఎక్కువ. కూర్చుంటే కాలు ఊగుతుంది. నిలబడితే మనిషే ఊగుతాడు. నిద్రలో కూడా ఆ కాలు దుప్పటిని తంతూనే ఉంటుందని భార్య సుబ్బరావమ్మ ముప్పై ఏళ్ళ సాక్ష్యం.

ఆ జనవరిలో ఆ కాలికి పని దొరికింది. ఖతార్‌లో ఆసియా కప్పు ఫుట్‌బాల్ మొదలైంది. మనవాళ్ళు మొదటి ఆటలో ఆస్ట్రేలియా చేతిలో రెండు గోల్స్ తిన్నారు. రెండో ఆటలో ఉజ్బెకిస్తాన్ చేతిలో మూడు. తిరిగి కొట్టింది, రెండాటలూ కలిపి, సున్నా. అలా వాళ్ళకి గోల్స్ లేకుండా పోయాయి, అది చూస్తూ కూర్చున్న యలమందయ్యకి గోళ్ళు లేకుండా పోయాయి. పది వేళ్ళవీ కొరికేశాడు.

ఆ మూడో గోల్ పడ్డప్పుడే ఘోరం జరిగింది. ఆయన కాలు తనంతట తాను లేచి, మనవరాలి సున్నిపిండి డబ్బాని తన్నింది. డబ్బా గాల్లో పల్టీ కొట్టి, వంటింటి గుమ్మంలోంచి సూటిగా వెళ్ళి, సింకులో పడింది.

సుబ్బరావమ్మ సింకు వంక చూసింది, మొగుడి వంక చూసింది.

"ఇంత గురి పెట్టుకుని గుంటూరులో కూర్చున్నారేంటండీ? వెళ్ళండి ఖతారు. అక్కడ మనుషులు చాలక ఏడుస్తున్నారుగా."

"నూట నలభై కోట్ల మందిలో పదకొండు మంది దొరకలేదే సుబ్బులూ! అదీ నా బాధ."

"నూట నలభై కోట్ల మందిలోంచి ఏరి నాకు మిమ్మల్ని తెచ్చారు. ఆ ఏరినవాళ్ళే టీముని కూడా ఏరుంటారు."

తర్వాత తీర్పు వచ్చింది. మంగళవారం సాయంత్రం మనవరాలికి బారసాల. మార్టూరు నుంచి వియ్యాలవారు వస్తున్నారు. ఆ పూట యలమందయ్య ఫోను కందిపప్పు డబ్బాలో ఉంటుంది, టీవీ తీగ సుబ్బరావమ్మ కొంగున ఉంటుంది.

"మంగళవారమా! అయిదింటికి సిరియాతో ఆటుందే!"

"సిరియా సంగతి సిరియా చూసుకుంటుంది. మీరు పిల్ల పేరు సంగతి చూడండి."

పేరు సంగతి కూడా చిన్నదేం కాదు. యలమందయ్యకి మనవరాలి పేరు తేజశ్రీ అని పెట్టాలని ప్రాణం. తేజ రకం మిర్చి ఎత్తి దించి ఇల్లు కట్టాడు, కూతురు శ్రీరమ్య పెళ్ళి చేశాడు. ఆ పేరు ఇంట్లో ఒక్కరికైనా ఉండాలంటాడు. వియ్యంకుడు త్రికోటేశ్వరరావు గారికి మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్ ఉంది. ఆయనకి శిల్ప అని పెట్టాలని పట్టు. గ్రానైట్ పట్టు. ఇరవై రోజులుగా ఇద్దరూ ఫోన్లో "బావగారూ, బావగారూ" అని మర్యాదగానే పళ్ళు కొరుక్కుంటున్నారు. శ్రీరమ్య విసిగిపోయి, "మీరిద్దరూ తేల్చుకునేదాకా దాన్ని పాపా అంటాం" అనేసింది.

శుక్రవారం పొద్దున మిర్చి యార్డు బయట టీ కొట్టు దగ్గర యలమందయ్య ఈ రెండు బరువులూ జాన్ బాషా ముందు దించాడు. జాన్ బాషా తోటి దలాలీ, పాతికేళ్ళ స్నేహితుడు, ఫుట్‌బాల్ పిచ్చిలో సమఉజ్జీ.

"సరుకు మంచిదేరా బాషా. గ్రేడింగులో తప్పుంది. ముందు పెట్టాల్సినవాణ్ణి వెనక పెడుతున్నారు."

"సరుకే తాలు," అన్నాడు బాషా. రంగు పోయి తెల్లబడ్డ కాయని వాళ్ళు తాలు అంటారు. "తాలుని ఎక్కడ పెట్టినా తాలే. నువ్వు బస్తా పైన పెట్టినా, అడుగున పెట్టినా."

"ఒరేయ్, దేశాన్ని తాలంటావా!"

"దేశాన్ని కాదురా, ఫార్వర్డ్ లైనుని!"

"సిరియా మీద చూడు. ఒక్క గోలైనా పడకపోతే నన్నడుగు."

"నిన్నేం అడుగుతాను, ఆ టైముకి నువ్వు కందిపప్పులో ఉంటావుగా."

ఆ మాటతో యలమందయ్య కాలు ఊగడం ఆగింది. ఆయనకి ఆలోచన వచ్చినప్పుడల్లా అలా ఆగుతుంది. ఏడాదికి ఓ రెండు సార్లు.

ఒకప్పుడు మిరప బేరమంతా తువ్వాలు కిందే జరిగేది. దలాలీ ఒక తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి చెయ్యి పట్టుకుంటే వాళ్ళు వేళ్ళతో ధర చెప్పేవాళ్ళు. తర్వాత రెండోవాళ్ళ చెయ్యి. పక్కన నిలబడ్డవాడికి గుడ్డ కదలడం తప్ప ఏమీ తెలిసేది కాదు. ఇప్పుడు యార్డులో వేలంపాటలన్నీ కంప్యూటర్లోకి వెళ్ళాయి గాని, వీళ్ళ వేళ్ళు ఆ భాష మర్చిపోలేదు.

"పిల్ల పేరు తువ్వాలు కింద తేలుద్దాం," అన్నాడు యలమందయ్య. "మధ్యవర్తివి నువ్వు. ఒక వేలు తేజశ్రీ, రెండు వేళ్ళు శిల్ప. ఎవరో ఒకరు దిగొచ్చేదాకా అటూ ఇటూ తిరుగు. ఎదురుబొదురు అరుచుకోకుండా మర్యాదగా ఉంటుంది."

"బావుంది. మరి సిరియా?"

"అదేగా అసలు బేరం! నువ్వు చెవిలో బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకో. పైన ఇంత పత్తి కుక్కు, చెవిపోటను. పేరు అడిగే మిషతో గంటకి పదిసార్లు నా చెయ్యి పట్టుకో. ముందు మన లెక్క చెప్పు, తర్వాత వాళ్ళ లెక్క."

బాషా కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మన లెక్క సున్నా అయితే? తువ్వాలు కింద సున్నాకి వేలు లేదురా. సున్నాకి మిరపకాయలు ఎవడమ్మాడు?"

"అశుభం పలక్కు. అంతగా అయితే పిడికిలి పట్టు."

"పిడికిలంటే బేరం వదులుకున్నట్టు కదరా."

"అది బేరంలో. ఇది స్కోరు. ఆ మాత్రం తేడా మనకి తెలీదా?"

యలమందయ్య ఇంటికెళ్ళి, పేరు గొడవకి తువ్వాలు పరిష్కారం చెప్పాడు. సుబ్బరావమ్మ సున్నిపిండి జల్లిస్తూ అంతా విన్నది. ఆమె వినుకొండలో పేరున్న దలాలీ కూతురు. అక్షరాలకన్నా ముందు వేళ్ళ లెక్క నేర్చింది.

"పిడికిలి మూస్తే?" అంది.

"బేరం వదులుకున్నట్టు. నీకు తెలియందేముంది?"

"ఇద్దరూ మూస్తే?"

"ఇద్దరూ ఎందుకు మూస్తారే? పిచ్చా మాకు?"

"ఒకవేళ."

"ఒకవేళ మూస్తే పేరు నీ ఇష్టం."

"మాటేగా?"

"మాటే!"

ఇంత సులువుగా ఒప్పుకుందేమా అని ఆయనకి ఒక్క క్షణం అనిపించింది. వియ్యంకుడు కూడా ఫోన్లో, "బాషా గారైతే నాకే అభ్యంతరం లేదు బావగారూ" అని తేలిగ్గా ఒప్పేసుకున్నాడు. తన తెలివికి లోకం దారిస్తోందనుకున్నాడు యలమందయ్య.

మంగళవారం అయిదింటికల్లా ఇల్లు నిండింది. హాల్లో ఉయ్యాల కట్టారు. దాని పక్కన పీట మీద, బియ్యం పోసిన పళ్ళెం ఒకటి పట్టుగుడ్డ కప్పి పెట్టారు. పేరు రాయడానికి. బాషా కుడి చెవిలో బోండా అంత పత్తి పెట్టుకుని, భుజాన తువ్వాలుతో దిగాడు.

"ఏం తమ్ముడూ, చెవికేమైంది?" అంది సుబ్బరావమ్మ.

"పోటు అక్కయ్యా. గాలి తగలకూడదన్నారు."

"అయ్యో. ఉల్లిరసం పొయ్యనా?"

"వద్దొద్దు! గాలే కాదు, రసం కూడా తగలకూడదన్నారు."

సుబ్బరావమ్మ ఆ పత్తిని ఒకసారి పరకాయించి చూసి, టీ తేవడానికి వెళ్ళింది.

బేరం మొదలైంది. బాషా తువ్వాలు కప్పి యలమందయ్య చెయ్యి పట్టుకున్నాడు: పిడికిలి, పిడికిలి. సున్నా, సున్నా. యలమందయ్య తన ఒక వేలిచ్చాడు. బాషా హాలు దాటి వియ్యంకుడి చెయ్యి పట్టుకున్నాడు. రెండు వేళ్ళు. మళ్ళీ వచ్చాడు. పిడికిలి, పిడికిలి.

అరగంట గడిచింది. యలమందయ్య కాలు ఊగి ఊగి కుర్చీ జానెడు జరిగింది. "బేరం ఎందాకా వచ్చింది నాన్నా?" అంది శ్రీరమ్య.

"డిఫెన్స్ గట్టిగా ఉందమ్మా," అన్నాడు పొరపాటున.

"ఏంటీ?"

"అదే, మీ మావగారి పట్టు."

ఆ మావగారు మాత్రం ఎదురుగా రాయిలా కూర్చున్నాడు. కాకపోతే బాషా తన దగ్గరికి రావడం రెండు నిమిషాలు ఆలస్యమైతే, "బాషా గారూ, ఇటు, ఇటు" అని తనే చెయ్యి చాస్తున్నాడు. పేరు మీద ఎంత ఆత్రమో చూడు, అనుకున్నాడు యలమందయ్య.

ఆరున్నర దాటింది. పురోహితుడు, "ఇక కానివ్వండి" అన్నాడు. సుబ్బరావమ్మ వచ్చి సరిగ్గా మొగుడి కుర్చీ వెనక నిలబడింది.

అప్పుడు బాషా మొహం మారింది. చెవిపోటు నిజంగానే వచ్చినట్టు చెవి మీద చెయ్యి వేసుకుని, నెమ్మదిగా నడిచొచ్చి తువ్వాలు కప్పాడు. పిడికిలి. తర్వాత ఒక వేలు.

మనకి సున్నా. వాళ్ళకి ఒకటి.

యలమందయ్య ఆ వేలిని నమ్మలేదు. బిగించిన పిడికిలిని బాషా అరచేతిలో పెట్టి నొక్కాడు. 'మనది సున్నాయేనా?' అని. బాషా తల దించుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. 'ఖచ్చితంగా సున్నాయేనా?'

"తమ్ముడూ," అంది వెనక నుంచి సుబ్బరావమ్మ. "ఆఖరి మాట చెప్పు. మా ఆయన ఏమిచ్చాడు?"

బాషా అటు చూశాడు, ఇటు చూశాడు. నిజం చెబితే చెవిలో పత్తి ఊడుతుంది. అబద్ధం చెబితే తువ్వాలు పరువు పోతుంది.

"పిడికిలి అక్కయ్యా."

"కాదు, అది పేరుకి కాదు..." అంటూ లేచాడు యలమందయ్య.

"మరి దేనికండీ?"

ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

బాషా కాళ్ళీడ్చుకుంటూ వియ్యంకుడి దగ్గరికి వెళ్ళి తువ్వాలు కప్పాడు. గుడ్డ ఒక్కసారి కదిలింది. గ్రానైట్ మనిషి నిలువునా బద్దలైనట్టు లేచాడు. తువ్వాలు కింద పడింది. ఆయన పిడికిలి అందరికీ కనబడేలా గాల్లో ఉంది.

"డిఫెన్స్ ఎక్కడ చచ్చిందయ్యా! డెబ్భై అయిదు నిమిషాలు ఆపినవాళ్ళు ఇంకో పావుగంట ఆపలేరా?"

హాల్లో అందరూ ఇటు తిరిగారు.

"బావగారూ," అన్నాడు యలమందయ్య. "మీరు కూడానా?"

"బాషా గారికి ఆదివారమే ఫోన్ చేశాను బావగారూ. ఈ పూట నా ఫోను లాక్కుంటానని మా ఆవిడ ముందే చెప్పింది."

రెండువైపులా ఒకే సరుకు అమ్మిన బాషా అప్పటికే గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. కాని ఎవరూ ఆయన్ని తిట్టలేదు. తిట్టడానికి ఖతార్‌లో పదకొండు మంది ఉన్నారు.

"గ్రేడింగ్ తప్పు బావగారూ. ఆడించే విధానం తప్పు."

"గ్రేడింగ్ కాదు, పునాది! బళ్ళల్లో గ్రౌండ్లేవి? రాయి తవ్వకుండా పాలిష్ పడితే ఏం మెరుస్తుంది?"

"గ్రౌండ్లుంటే మాత్రం? గోలు ముందుకొచ్చి బంతి పక్కోడికిస్తారు. వాడు ఇంకోడికిస్తాడు. గోలు కొట్టమంటే వడ్డన చేస్తారేంటండీ?"

"తాలు," అన్నాడు గుమ్మంలోంచి బాషా.

"నువ్వు నోరు ముయ్!" అన్నారు వియ్యంకులిద్దరూ ఒకే గొంతుతో. ఇరవై రోజుల్లో వాళ్ళు ఏకీభవించిన మొదటి మాట అది.

కోచ్‌ని మార్చారు, ఫార్వర్డ్‌ని వెనక్కి లాగారు, పిల్లగాళ్ళకి అయిదో ఏటి నుంచే బంతి ఇవ్వాలని తీర్మానించారు. మాటల మధ్యలో శంఖం ఊదిన చప్పుడు, ఆడవాళ్ళ పాట, అక్షింతలు తల మీద పడటం యలమందయ్యకి లీలగా తెలుస్తూనే ఉన్నాయి. ఆట ముగిసిందా అని బాషా వంక చూస్తే, ఆయన పత్తి తీసి జేబులో పెట్టుకుంటూ తలూపాడు. సున్నా, ఒకటి. మూడాటలు, మూడు ఓటములు.

"సరే, ఇక పేరు కానిద్దాం," అని నిట్టూర్చాడు యలమందయ్య.

"అయిపోయిందిగా," అంది సుబ్బరావమ్మ.

"ఏంటి అయ్యేది?"

"ఇద్దరూ పిడికిలి మూశారు. మాట ప్రకారం పేరు నాది." పట్టుగుడ్డ తొలగించిన పళ్ళెం చూపించింది. బియ్యంలో గుండ్రటి అక్షరాలతో 'విజయ' అని ఉంది.

"మేం పిడికిలి మూసింది ఇందాకేగా! అల్లుడు ఇంత తొందరగా ఎప్పుడు రాశాడు?"

అల్లుడు బాలు ఇబ్బందిగా నవ్వాడు. "నాలుగింటికే రాశాను మావయ్యగారూ. అత్తయ్యగారు రాసి గుడ్డ కప్పమన్నారు. రమ్యకి కూడా ఇదే పేరు ఇష్టం."

యలమందయ్య భార్య వంక చూశాడు. "ఆట మొదలవకముందే రాయించావా? మనవాళ్ళకి సున్నా వస్తుందని ముందే ఎలా తెలుసే?"

"రెండు బస్తాలు విప్పారు, రెండూ తాలే. మూడోది కూడా అదే కల్లంలోది. అయినా ఇది పుష్యమాసం, శూన్యమాసం. సున్నా రాక ఇంకేమొస్తుంది?"

"అది సరే. బాషా సంగతి?"

"అన్నయ్యగారిదీ ఇదే పిచ్చని వదిన చెప్పింది, మీరు తువ్వాలనగానే దాని కింద నడిచేది స్కోరేనని అర్థమైంది. మా నాన్న మిరపతో పాటు పత్తి కూడా కొన్నాడండీ. పొట్టి పింజె చూశాను, పొడుగు పింజె చూశాను. లోపల నీలం లైటు వెలిగే పత్తి మాత్రం ఇవాళే చూశాను."

వియ్యంకుడు గొంతు సవరించుకున్నాడు. "చెల్లెమ్మా, శిల్ప అనేది రెండో పేరుగానైనా..."

"తేజశ్రీ మూడో పేరుగా..." అన్నాడు యలమందయ్య.

"పిడికిలి మూశాక వేలు తెరవకూడదు అన్నయ్యగారూ. అది బేరం మర్యాద. మీ టీము ఎప్పుడు గెలుస్తుందో నాకు తెలీదు. ఇంట్లో మాత్రం ఒక విజయ ఉండాలనుకున్నాను."

యలమందయ్య చెవులు ఎర్రబడ్డాయి, పండు మిరప రంగులో. సుబ్బరావమ్మ నవ్వుతూ పిల్లని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "మూడుసార్లు చెవిలో చెప్పండి. మీ పేరు కాదు, నా పేరు."

"విజయ," అని వంగాడాయన. "విజయ."

మూడోసారి అనబోతుంటే పిల్ల ఒళ్ళు విరుచుకుంది. అరవేలంత పాదం లేచి ఆయన మొహాన్ని తన్నింది. కళ్ళజోడు ఎగిరి, ఉయ్యాల రెండు గొలుసుల మధ్య నుంచి సూటిగా దూసుకెళ్ళి, లోపలి పరుపు మీద పడింది.

"గోల్!" అని గుమ్మంలోంచి అరిచాడు బాషా.

"ఆఫ్‌సైడ్," అన్నాడు త్రికోటేశ్వరరావు గారు వెంటనే.

"ఎక్కడండీ ఆఫ్‌సైడ్!" పిల్లని గుండెకి హత్తుకుని యలమందయ్య వియ్యంకుడి మీదికి వెళ్ళాడు. "నా మనవరాలు ఒంటరిగా, ముందు డిఫెన్స్ పెట్టుకుని కొట్టింది! ఈ నెలలో ఈ దేశం కొట్టిన ఒకే ఒక్క గోలు బావగారూ, దాన్ని కూడా రద్దు చేస్తారా?"

సుబ్బరావమ్మ ఉయ్యాలలోంచి కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మొగుడి ముక్కు మీద పెట్టింది. తర్వాత కందిపప్పు డబ్బా తెరిచి ఫోను కూడా ఇచ్చింది.

"తీసుకోండి. ఆట అయిపోయిందిగా."