జెన్సి మరణం వాయిదా

మంచుకొండ మీద పన్నెండు నెలలూ కాపురముండి కూడా ప్రవేశ రుసుము అడగని పశుపతికి ముందుగా నమస్కారం. ఎద్దును వాహనంగా ఉంచుకొని, దానిచేత ఏనాడూ ప్రదర్శన ఇప్పించని ఆ స్వామి, చెప్పే నోటికి నిదానాన్నీ వినే చెవికి ఓర్పునూ ప్రసాదించుగాక.

టిరోల్ కొండల నడుమనున్న హింటర్‌లాన్ గ్రామం ఇకపై సంవత్సరం పొడవునా వినోదం అందించే రిసార్టుగా పరిగణింపబడునని అందరికీ తెలిసిందే. ఆ ఘనత ఎలా సిద్ధించిందో మాత్రం కొందరికే తెలుసు.

భగవంతుడు ఋతువులను సృష్టించే తొందరలో కొన్ని లోపాలు మిగిల్చాడు. రిసార్టు డైరెక్టరు ఎగాన్ రిట్జెల్ వాటిని ఓపికగా సవరిస్తూ వచ్చాడు. చలికాలంలో మంచు కురవకపోతే యంత్రాలు చిమ్మేవి. వేసవిలో అది కరిగిపోతే అతిథులు గడ్డి మీదే జారేవారు. గడ్డి మీద విసుగెత్తినవారికి గద్ద రెక్కలు తొడిగి, ఇనుప తీగకు వేలాడదీసి, లోయ మీదుగా వదిలేవారు. అదీ చాలనివారికి ఆవుల మధ్య యోగాసనాలు ఉండేవి. ముందుగా ఆవులకు శిక్షణ ఇవ్వాలా వద్దా అన్నది కమిటీ పరిశీలనలో ఉంది.

ఇక మిగిలింది నవంబరు. పొగమంచు, వాన, బురద. ఒక్క అతిథీ రాడు. ఊరివాళ్లు సమాధుల మీద దీపాలు పెట్టుకొని, తలుపులు మూసుకొని, బార్లీ సూపు తాగుతూ తమలో తాము మాట్లాడుకుంటారు. ఇంతటి వృథాను తలచుకున్నప్పుడల్లా డైరెక్టరుకు గుండె తరుక్కుపోయేది.

ఆ ఊళ్లో నోట్‌బుర్గా అనే రైతు ఇల్లాలు ప్రతి వేసవిలోనూ మందను పై పచ్చికకు తోలుకుపోయి, చలిగాలి మొదలుకాగానే దింపుకొచ్చేది. మంద క్షేమంగా తిరిగొస్తే ఆవులకు పూలకిరీటాలు కట్టి, పెద్ద గంటలు మోగిస్తూ తీసుకురావడం అక్కడి ఆచారం. మందలో ఒక ఆవు పోయినా, ఆ ఇంట మనిషి పోయినా పూలుండవు. గంటల్లో గడ్డి కుక్కి, నుదుటికి నల్ల రిబ్బను కట్టి, చప్పుడు లేకుండా నడిపిస్తారు. చూసినవారు టోపీ తీస్తారు. డైరెక్టరు చలవ వల్ల ఇప్పుడు మంద దిగిరావడమే పూల పండుగ అయింది. దాని టిక్కెట్లు వసంతంలోనే అమ్ముడుపోతాయి.

ఆ ఏడు వేసవి చివర, తీగ మీద వెళ్తున్న ఒక అతిథి గద్ద ఆనందం పట్టలేక కేక పెట్టింది. మంద ముందు నడిచే జెన్సి అనే ఆవు బెదిరి, బండ మీద కాలు జారి, లోయలో పడి చనిపోయింది. కళేబరాన్ని హెలికాప్టరుకు కట్టి పైకి లేపారు. హోటలు వరండాలో కాఫీ తాగుతున్న అతిథులు చప్పట్లు కొట్టారు. రెండో ఆట ఎప్పుడని ఒకావిడ మర్యాదగా అడిగింది.

నోట్‌బుర్గా ఆ ఆవును దూడగా ఉన్నప్పటి నుంచీ సీసాతో పాలు పట్టి పెంచింది. డైరెక్టరు పరామర్శకు స్వయంగా కొండెక్కాడు. కొండ మీద అంత ఎత్తున అందరూ అందరికీ 'నువ్వే' అన్నది అక్కడి ఆచారం కనుక సంభాషణ ఆత్మీయంగా సాగింది.

"పోయిందేదో పోయింది నోట్‌బుర్గా. కానీ పోయిందని ఇప్పుడే ఒప్పుకోవాలా?"

"ఆకాశంలో వేలాడుతుంటే ఊరంతా చూసింది కదా ఎగాన్."

"చూశారు, చప్పట్లు కొట్టారు. అంటే ఎవరూ దాన్ని చావనుకోలేదు."

"మరి ఏమనుకోవాలంటావు?"

"సెలవు అనుకో. పండుగ అయ్యేదాకా."

ఆ వారమే కమిటీ సమావేశమైంది. మేయరుగారు లేచి నిలబడి, "మృత్యువు ఎవరి ప్రయాణ ప్రణాళికనూ సంప్రదించదు. కాబట్టి దానికి క్రమశిక్షణ నేర్పే బాధ్యత మనది. జెన్సి మృతి పండుగ మరుసటి సోమవారం నుంచి అమల్లోకి వచ్చును" అని ప్రసంగించారు. తీర్మానం ఏకగ్రీవమైంది. జెన్సి స్థానంలో నడవడానికి పట్నం దగ్గరి డెయిరీ నుంచి ఒక ఆవును రప్పించారు. దానికి కొండ చూడగానే కళ్లు తిరిగాయి. పశువైద్యుడు విశ్రాంతి సూచించాడు.

నోట్‌బుర్గా భర్త కస్సియాన్ చలికాలంలో స్కీ లిఫ్టు దగ్గర నిలబడి, ఎక్కేవారికి చెయ్యి ఊపే ఉద్యోగి. అతడు పై గుడిసెకు వచ్చి నచ్చజెప్పాడు.

"నాలుగు పూలు కట్టడమే కదే బుర్గా. ఆ లిఫ్టు పని పోతే చలికాలమంతా నా మొహం చూస్తూ కూర్చోవాలి నువ్వు."

"నీ మొహం ఎక్కడుందయ్యా చూడ్డానికి? పొద్దస్తమానం అదే నవ్వు. జెన్సి పోయిందని చెప్తే కూడా నవ్వావు."

"అలవాటైపోయిందే. ఏం చెయ్యను?"

"ఆ రోజు ఒక్కరోజు నవ్వకు. చాలు."

పండుగనాడు వీధి పొడవునా డేరాలు, బీరు, సాసేజీల పొగ. మేళగాళ్లు ఊపిరి బిగించి బాకాలెత్తారు. మలుపు తిరిగి మంద వచ్చింది. పూలు లేవు. ఆవుల నుదుళ్ల మీద నల్ల రిబ్బన్లు, గంటల్లో గడ్డి. ముందు నడవాల్సిన చోట జెన్సి లేదు. ఆ చోట నోట్‌బుర్గా, జెన్సి గంటను తన భుజాన వేసుకొని నడుస్తోంది.

మేళం ఆగిపోయింది. ఆపమని ఎవరూ ఆదేశించలేదు. మేళగాళ్లు ఆ ఊరివాళ్లే కావడం నిర్వాహకుల పొరపాటు. ఒక్కొక్కరే టోపీ తీశారు. సెలవు తీర్మానం చదివిన మేయరుగారి చెయ్యి కూడా, ఆయన అనుమతి లేకుండానే, టోపీ మీదికి వెళ్లింది. జనం వెనక కస్సియాన్ నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు. అతని అసలు మొహం ఎలా ఉంటుందో నోట్‌బుర్గా చాలా ఏళ్ల తర్వాత చూసింది. వీధి అంతటా గిట్టల చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

అతిథులూ నిశ్శబ్దంగా నిలబడ్డారు. కొందరు ఏడ్చారు. ఏడుస్తూ చిత్రీకరించారు. డైరెక్టరు తానూ కళ్లు తుడుచుకున్నాడు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న నవంబరు ఆయనకు ఆ క్షణాన దొరికింది.

ఇప్పుడు హింటర్‌లాన్‌లో నవంబరంతా 'మౌన మాసం'. అతిథులకు నల్ల రిబ్బను, బార్లీ సూపు, హోటలు పేరు అచ్చువేసిన సమాధి దీపం ఇస్తారు. ఏ సమాధి ముందైనా కూర్చోవచ్చు. లోయ బాగా కనిపించే సమాధులకు గిరాకీ ఎక్కువ. ఊరివాళ్లు తమవాళ్ల దగ్గరికి వెళ్లాలంటే వరుసలో నిలబడాలి. గదులన్నీ నిండాయి. ఏడాదిలో ఖాళీ నెల అంటూ మిగల్లేదు.

మరుసటి ఏడు మంద పూలతో, గంటలతో, క్షేమంగా దిగివచ్చింది. ఆ సాయంత్రమే డైరెక్టరు టోపీ చేతబట్టుకొని నోట్‌బుర్గా ఇంటికొచ్చాడు. లోయలో కాబట్టి 'మీరు' అన్నాడు.

"నోట్‌బుర్గా గారూ, నవంబరులో మీ మౌన నడక చూడాలనే అంతమంది వస్తున్నారు. కానీ ఈసారి ఆవులన్నీ... ఎలా చెప్పను... బాగున్నాయి."

"అవునండి. దేవుడి దయ."

"కాదనను. కానీ ఆచారం మీకంటే ఎవరికి తెలుసు? ఏదో ఒకటి జరిగుండాలి కదా."

"చావు లేకుండా నేను రిబ్బను కట్టనండి. ఆవన్నా పోవాలి, ఇంట్లో మనిషన్నా పోవాలి."

డైరెక్టరు తల పంకించాడు. పొయ్యి పక్కన కూర్చుని దగ్గుతున్న కస్సియాన్ వైపు చాలాసేపు, ఎంతో ఆప్యాయంగా చూశాడు.

"ఆ దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉందండీ ఈయనకి?"

కస్సియాన్ అలవాటు కొద్దీ నవ్వి, చెయ్యి ఊపాడు. నోట్‌బుర్గా లేచి, మొగుడి చెయ్యి పట్టుకొని కిందికి దించి, డైరెక్టరు కోసం తలుపు తెరిచి నిలబడింది.

ఈ కథ విన్నవారందరికీ ఆయురారోగ్యాలు కలుగుగాక. మీ మందలు పూలతో ఇల్లు చేరుగాక. మీరు ఏడవవలసిన రోజంటూ వస్తే, ఆనాడు ఎదుట వరుస కుర్చీలు ఖాళీగా ఉండుగాక. ఇదంతా విని, నవంబరులో గది దొరుకుతుందా అని మనసులో అనుకున్నవారిని కూడా ఆ పశుపతి చల్లగా చూచుగాక.