తొక్కితేనే వెలుగు

చీకటి ప్రభుత్వ సమస్య కాదనీ, సైకిలు తొక్కకుండా కూర్చున్నవాళ్ళ సమస్య అనీ వీధిదీపాల మంత్రిగారు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ఇకనుంచి ఊళ్ళో పాత సైకిలు మీద పనికి వెళ్ళే ప్రతివాళ్ళకీ ప్రభుత్వమే ఒక డైనమో, ముందొక దీపం, వెనకొక దీపం బిగించి ఇస్తుందట. ఎవరి వెలుగు వాళ్ళే తయారుచేసుకుంటారట. స్తంభాల కాలం పోయి, మనిషితోపాటే దీపం నడిచే కాలం వచ్చిందట. విలేకరులు శ్రద్ధగా రాసుకున్నారు. ఒకాయన రాసుకోవడం ఆపి చప్పట్లు కూడా కొట్టాడు.

ఆ మాటలన్నీ మంత్రిగారివే. కాకపోతే వాటిని ముందురోజు సాయంత్రం కాగితం మీద పెట్టింది మాత్రం మూడో అంతస్తులో ఒక చిన్న ఉద్యోగి. ఇరవై రెండేళ్ళుగా మంత్రులు మారినా ప్రకటన మారకుండా కాపాడుకొస్తున్న మనిషి. ఆఫీసులో అందరూ అతన్ని ప్రెస్‌నోటు అనే పిలుస్తారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, చూడాలంటే ముందురోజు చెప్పాలి.

ఇంత గొప్ప పథకం ప్రెస్‌నోటు బుర్రలో పుట్టిందనుకుంటే పొరపాటు. ఆ బుర్రలో అంత చోటు లేదని అందరికంటే ముందు అతనికే తెలుసు. అది అతని భార్య చీలమండ దగ్గర పుట్టింది.

ఆవిడ రెడీమేడ్ బట్టల యూనిట్లో చొక్కాలకి కాజాలు కుడుతుంది. పని వదిలేసరికి చీకటి పడుతుంది. ఇంటికొచ్చే దారిలో, వీధి మలుపు తిరిగేచోట, మురుగుకాలవ మీది బండ ఒకటి పగిలి పక్కకి వాలి ఉంది. సరిగ్గా దాని పక్కనే స్తంభం, స్తంభానికి బల్బు. ఆ బల్బు మాడిపోయి ఎనిమిది నెలలైంది. పోయిన నెల ఆ బండ మీద కాలు మడతపడి, ఆవిడ పది రోజులు మంచం మీద కూర్చుని కాజాలు కుట్టింది.

"మీరు పనిచేసేది వీధిదీపాల శాఖలోనే కదండీ," అంది ఆవిడ. "ఒక్క బల్బు. నేనేమన్నా చంద్రుణ్ణి తెచ్చి కట్టమన్నానా? ఒక అర్జీ రాసి పడెయ్యండి."

ప్రెస్‌నోటుకి అర్జీ రాయడం రాక కాదు. ఊళ్ళో నూటికి తొంభై తొమ్మిది దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయని ప్రతినెలా రాసేది అతనే. వెలగని ఆ ఒక్కటీ తన వీధిలోనే ఉందని తనే ఎలా అర్జీ పెట్టుకుంటాడు? పైగా ఆ అర్జీ నాలుగు బల్లలు తిరిగి, జవాబు రాయమని చివరికి తన బల్ల మీదకే వస్తుంది. 'తమరి వీధిలో దీపం వెలుగుతున్నట్టు నివేదిక ఉన్నది' అని రాయాలి. రాసి, సంతకానికి పంపి, సాయంత్రం ఇంటికి వెళ్ళాలి.

అందుకని ధైర్యమున్న మొగుడు చేసే పని మానేసి, తెలివున్న మొగుడు చేసే పని చేశాడు. తను ఆఫీసుకి తొక్కే ముసలి సైకిలుని తీసుకెళ్ళి మెకానిక్ ముందు నిలబెట్టాడు.

మెకానిక్ చిన్న బుడ్డి అంత డైనమో తీసి వెనక చక్రం పక్కన బిగించాడు. హ్యాండిలుకి దీపం, మడ్‌గార్డుకి ఎర్రదీపం, రెంటికీ వైరు లాగాడు. "మీట నొక్కితే దీని తల టైరుని పట్టుకుంటుంది సార్. టైరు తిరిగినంతసేపే వెలుగు. ఆగారో, ఆరిపోతుంది. తొక్కడం కాస్త బరువుగా ఉంటుంది, నన్ను తిట్టుకోవద్దు."

ఆ రోజునుంచి ప్రెస్‌నోటు సాయంత్రాలు యూనిట్ గేటు దగ్గరికి వెళ్ళి, భార్యని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చేవాడు. మలుపులో వెలుగు బండ మీద పడేది. సైకిలు పక్కనుంచి వెళ్ళిపోయేది. "పర్లేదే, పనికొచ్చారు," అని ఆవిడ వీపు మీద ఒకటి తట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో అతనికి దొరికిన ప్రశంసాపత్రం అదొక్కటే. మనసు నిండిపోయింది. అలా నాలుగు రోజులు గడిచాయి.

ఐదో రోజు సైకిల్ స్టాండులో డైరెక్టర్‌గారు ఆ సైకిలుని చూశారు.

"ఏంటయ్యా ఇది?"

"డైనమో సార్."

"కరెంటు ఎక్కణ్ణించి?"

"కాళ్ళనించి సార్."

"ఎవరి కాళ్ళు?"

"ఎవరు తొక్కితే వాళ్ళవి సార్."

డైరెక్టర్‌గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. "అంటే ఇందులో మన శాఖకి ఏ పనీ లేదన్నమాట!"

"లేదు సార్."

"అద్భుతం. సాయంత్రానికల్లా నోటు పెట్టు."

పెట్టనని అనొచ్చు. ఇది భార్య కోసం పెట్టించుకున్నాను సార్, ఊరికంతా పనికిరాదు అని కూడా అనొచ్చు. కానీ మెట్లెక్కుతుండగానే 'స్తంభాల కాలం పోయింది' అన్న ముక్క తట్టింది. ఒక ముక్క తట్టాక ప్రెస్‌నోటు ఆగలేడు, అదొక జబ్బు.

ప్రకటన అయ్యాక ఐదుగురితో కమిటీ కూర్చుంది. డైనమో ఏ చక్రానికి బిగించాలన్నది రెండు రోజుల చర్చ. మెకానిక్‌ని పిలుద్దామని ఎవరికీ తోచలేదు. రెండో రోజు టీ వేళకి గోడవార కూర్చున్న ప్రెస్‌నోటు గొంతు సవరించుకున్నాడు. "వెనక చక్రమంటే వెనకబాటుతనంలా వినబడుతుందేమో సార్. ముందు చక్రమైతే 'ముందుచూపు ఉన్న ప్రభుత్వం' అని రాసుకోవచ్చు." అయిదుగురూ లేచి అతనికి చెయ్యి కలిపారు. ఆర్డరు వెళ్ళింది. నమూనాగా ఎంపికైన అతని సైకిలుకి కూడా డైనమోని వెనక చక్రంనుంచి ఊడదీసి ముందు చక్రానికి బిగించారు.

ప్రారంభోత్సవం పెద్ద హాల్లో, పట్టపగలు. వెలుగు కనబడాలంటే చీకటి ఉండాలి కాబట్టి కిటికీలకి నల్లగుడ్డలు కట్టించారు. 'చీకటి ఏర్పాట్లు' అని వేరే సర్క్యులర్ వెళ్ళింది, దానికి డైరెక్టర్‌గారే స్వయంగా ఇన్‌ఛార్జి. ఆయన ఎంత నిబద్ధతతో పనిచేశారంటే మొదటి వరసలో ఇద్దరు పెద్దమనుషులు ఒకే కుర్చీలో కూర్చున్నారు.

వేదిక మీద సైకిలుని స్టాండు వేసి నిలబెట్టారు. ముందు భాగం కనబడకుండా పూలకుండీలు పేర్చారు. మంత్రిగారు ఇద్దరి సాయంతో ఎక్కి, పెడల్ మీద కాళ్ళు పెట్టి, తొక్కడం మొదలుపెట్టారు. స్టాండు మీద లేచి ఉన్న వెనక చక్రం గిర్రున తిరిగింది. దీపం వెలగలేదు. ఇంకాస్త గట్టిగా తొక్కారు. చక్రం హోరెత్తింది. దీపం వెలగలేదు.

"ఏదయ్యా వెలుగు?" అన్నారు మంత్రిగారు. మైకు ఆన్‌లో ఉంది.

మంత్రిగారు తిప్పుతున్నది వెనక చక్రం. డైనమో ఉన్నది ముందు చక్రానికి. స్టాండు వేసిన సైకిలుకి ముందు చక్రం నేలమీదే ఉంటుంది, అది తిరగమంటే ఎందుకు తిరుగుతుంది? ఈ సంగతి ఆ హాలు మొత్తంలో ఒక్కడికే తట్టింది, ముందుచూపు ఉన్నవాడికి.

ప్రెస్‌నోటు చీకట్లో నాలుగు కాళ్ళ మీద పాకి పూలకుండీల వెనక దూరాడు. వీపుని ఫ్రేము కింద ఆనించి ముందు భాగాన్ని ఎత్తిపట్టాడు. మంత్రిగారు బరువైన నాయకులు. కుడిచేత్తో టైరు పట్టుకుని తిప్పాడు. దీపం వెలిగింది. హాలు దద్దరిల్లింది. మంత్రిగారు పొంగిపోయి, రెండు కాళ్ళూ పెడల్ మీదనుంచి తీసేసి, రెండు చేతులూ ఊపారు. దీపం వెలుగుతూనే ఉంది. సీటు మీదనుంచే పద్దెనిమిది నిమిషాలు ప్రసంగించారు. దీపం వెలుగుతూనే ఉంది. 'మంత్రి కాలు తీసినా ఆగని వెలుగు' అని మర్నాడు పేపర్లన్నీ రాశాయి. ఆ హెడ్డింగు మాత్రం ప్రెస్‌నోటు ఇవ్వలేదు, అతని కుడిచెయ్యి పైకి లేవడం లేదు.

ఈ మాట ఎలా పాకిందో బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, నువ్వు మంత్రిగారి దగ్గర చక్రం తిప్పుతున్నావంట కదా! మా ఆఫీసులో అందరికీ చెప్పేశా."

"తిప్పాను," అన్నాడు ప్రెస్‌నోటు. జీవితంలో అతను ఇంత కచ్చితమైన ప్రకటన ఎప్పుడూ చెయ్యలేదు.

ప్రారంభోత్సవం అయిన సాయంత్రమే మంత్రిగారు అతన్ని గదిలోకి పిలిపించారు. చొక్కా మీద టైరు నలుపు చూశారు. "కింద ఉన్నది నువ్వేనా? బాగా తిప్పావయ్యా. ఏం కావాలో అడుగు."

ఇలాంటి అవకాశం జన్మకి ఒకసారి వస్తుందని ప్రెస్‌నోటు అందరికీ చెబుతుంటాడు. వచ్చింది. భార్య వాచిన చీలమండ కళ్ళముందు మెదిలింది. "మా వీధి మలుపులో దీపం సార్..." అన్నాడు.

"దీపం!" మంత్రిగారు డైరెక్టర్‌గారి వైపు తిరిగారు. "చూశారా, ఏమైనా అడగమంటే దీపం తప్ప వేరే ధ్యాసే లేదు మనిషికి! మన మోడల్ వీధి ఇతనిదే. రాసుకోండి."

అది కాదు సార్, ఒక్క బల్బు అనాలి. రెండు మాటలు. ప్రెస్‌నోటు కూడా రెండే మాటలన్నాడు. "థాంక్యూ సార్."

మూడో రోజు పొద్దున్న వీధిలోకి లారీ వచ్చింది. భార్య కొంగు దోపుకుని గుమ్మంలోకి పరిగెత్తింది. "వచ్చారండోయ్! మొత్తానికి సాధించారు!" అని ఇరుగుపొరుగుకి వినబడేలా అంది. లారీలోంచి మనుషులు దిగి, మలుపులో ఉన్న స్తంభాన్ని పెకలించారు. తర్వాత దాని పక్కది. వీధిలో తొమ్మిది స్తంభాలు. వాటిలో ఎనిమిది చక్కగా వెలిగేవి. అన్నిటినీ లారీలో పడుకోబెట్టారు.

"ఇదేంటయ్యా?" అన్నాడు ప్రెస్‌నోటు.

"పైన దీపాలుంటే సైకిలు దీపాలు కంటికి ఆనవంట సార్. ఆర్డరు," అని మేస్త్రీ కాగితం చూపించాడు. మొదటి వాక్యం 'స్తంభాల కాలం పోయింది.' ఫుల్‌స్టాపు కూడా అతను పెట్టినచోటే ఉంది.

"పోనీ ఆ బండైనా సరిచెయ్యండి."

"బండ మాది కాదు సార్. మురుగు వాళ్ళది."

ఆ మధ్యాహ్నమే సైకిలు ఇంటికొచ్చింది. క్యారియర్ మీద నాలుగు బోల్టులతో రేకు బోర్డు బిగించి ఉంది. బోర్డు మీద నవ్వుతున్న మంత్రిగారు. వెనక ఎర్రదీపాన్ని ఆయన మొహం మీద పడేలా తిప్పారు.

"మరి నేనెక్కడ కూర్చోను?" అంది భార్య.

ప్రెస్‌నోటు బోర్డు వంక చూశాడు. "ఆయన కూర్చున్నారుగా," అన్నాడు. అని సిగ్గుపడ్డాడు. సిగ్గుపడడం అతనికి బాగానే వచ్చు, అది ఏ ఉద్యోగానికీ అడ్డురాలేదు.

ఆ సాయంత్రం యూనిట్ గేటునుంచి ఆవిడ నడుస్తుంటే అతను పక్కన తొక్కాడు. ఆవిడ నడకకి చక్రం నెమ్మదిగా కదిలింది, దీపం మిణుకుమంది, దారి కాదుకదా దీపమే కనబడలేదు. గట్టిగా తొక్కాడు. భళ్ళున వెలుగు వచ్చింది. ఆ వెలుగూ, అతనూ, వెనక మంత్రిగారూ కలిసి మలుపు దాటిపోయారు. ఆవిడ చీకట్లో మిగిలిపోయింది.

"ఏవండీ! ఎక్కడికి పోతున్నారు?"

వెనక్కి తిప్పుకుని వచ్చాడు. "నువ్వు కాస్త పరిగెత్తగలవా?"

"ఈ కాలితోనా? ఇలా కాదుగానీ, నా చుట్టూ తిరగండి."

తిరిగాడు. మలుపులో ఆవిడ మధ్యన, అతను చుట్టూ. వెలుగు ఒకసారి గోడ మీద, ఒకసారి ఆవిడ మొహం మీద, ఒకసారి బండ మీద పడి పోతోంది. ఆవిడ వెలుగు వచ్చినప్పుడు ఒక అడుగు వేసి, పోయినప్పుడు నిలబడుతోంది.

"బండ దగ్గరికి వచ్చినట్టున్నా. సరిగ్గా కనపడట్లేదు, ఒక్క క్షణం ఆగండి."

ఆగాడు. వెలుగు ఆరిపోయింది.

"ఆగకండి!"

కంగారుగా తొక్కాడు. ఆవిడ ఒక కాలు గాల్లోకి ఎత్తి, అతని తర్వాతి చుట్టు కోసం ఎదురుచూస్తోంది. ఎదురు అరుగు మీదనుంచి, మోడల్ వీధి ఫోటో కోసం వచ్చిన శాఖ ఫోటోగ్రాఫరు క్లిక్‌మనిపించాడు. ఫ్లాష్ వేస్తే డైనమో వెలుగు ఆనదని ఆర్డరు, అందుకని ఫ్లాష్ వెయ్యలేదు.

రెండు రోజుల తర్వాత ఆ ఫోటో అన్ని పేపర్లలోనూ మొదటి పేజీలో వచ్చింది. 'ఇంటికి వెళ్ళడం మరచి వీధిలో వెలుగుతో ఆడుకుంటున్న పౌరుడు' అని కింద రాసి ఉంది. ఆ వాక్యం ఎవరిదో చెప్పక్కర్లేదు. డైరెక్టర్‌గారు చదివి, కళ్ళు తుడుచుకున్నారు.

ప్రెస్‌నోటు పేపరు తెచ్చి భార్య చేతికిచ్చాడు. ఆవిడ మళ్ళీ మంచం మీద, కట్టుకట్టిన కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని కాజా కుడుతోంది. సూది చొక్కాకి గుచ్చి, పేపరు విప్పి చూసింది. దీపం ఉంది. చక్రం ఉంది. నవ్వుతున్న మంత్రిగారున్నారు.

"ఇందులో నేనెక్కడండీ?"

అతను వంగి వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో. ఇక్కడ, ఈ నల్లగా ఉన్నచోట."

ఆవిడ పేపరుని మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది నేను బండ మీద కాలు వెయ్యకముందు తీసిందా," అంది, "వేశాకా?"